సిరాబుడ్డి నానిన గిన్నె

నా దగ్గర పదిహేడు సిరాబుడ్లు ఉండేవి. పదహారే అని మా ఆవిడ నమ్మకం. ఆ పదిహేడోది నా చేతికొచ్చిన తొమ్మిదో రోజు నుంచి నేను భయస్తుణ్ణయ్యాను. అంతకుముందు ధైర్యవంతుణ్ణని కాదు. అంతకుముందు నా భయాలు చిన్నవి, నలుగురిలో చెప్పుకుని నవ్వుకోదగ్గవి.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. లేకపోతే నా పిచ్చి ఎవరికీ అర్థం కాదు. మామూలు సిరాబుడ్డి అంటే గాజుదో పింగాణీదో ఒక చిన్న పాత్ర, దానికో మూత, అంతే. మర సిరాబుడ్డి అలా కాదు. బయట ఇత్తడి గూడు, లోపల పింగాణీ గిన్నె, పక్కన బొటనవేలంత పిడి. పిడిని కుడివైపు తిప్పితే లోపల మర దిగి సిరాను పైకి నెడుతుంది. పైనున్న చిట్టి పింగాణీ దోనెలోకి, కలం ముంచుకోవడానికి సరిపడా సిరా వస్తుంది. రాయడం అయ్యాక ఎడమవైపు తిప్పితే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దుమ్ము పడదు, బల్ల కదిలినా ఒలకదు, మా బెజవాడ ఎండలకు కూడా ఎండిపోదు. ఎవరో ఒక మనిషి కూర్చుని, రెండు చుక్కల సిరా వృథా కాకుండా ఉండటానికి ఇంత బుర్ర పెట్టాడు కదా అని నాకు ముచ్చట. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. తిప్పితే తిరిగేది, చెప్పినట్టు వినేది ఏదైనా నాకు ఇష్టమే. పిల్లలెలాగూ వినలేదు.

రిటైరయ్యాక ఈ సేకరణ ముదిరింది. పాత ఇళ్ళు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, చావుకబురు విన్న పురోహితుడిలా బయల్దేరేవాణ్ణని మా ఆవిడ దెప్పేది. ఆవిడకు వాటి మీద కోపం లేదు. దుమ్ము దులిపేటప్పుడు ఒక్కొక్కదాన్నీ కొంగుతో పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టేది. కానీ మా అమ్మాయి విషయం వచ్చేసరికి ఆవిడ వేరే మనిషి.

అమ్మాయిని మైలవరంలో ఇచ్చాం. ఏడో నెలలో సీమంతం చేసి, కాన్పుకని పటమటలో మా ఫ్లాటుకు తీసుకొచ్చాం. పిల్ల వచ్చిన రోజు సాయంత్రమే మా ఆవిడ నన్ను బీరువా ముందు నిలబెట్టింది.

"ఏవండీ, ఇవన్నీ ఎవరెవరి ఇళ్ళల్లోవో. ఎవరు పోతే అమ్ముకున్నారో కూడా తెలీదు. ఉన్నవాటిని ఏమీ అనను. పిల్ల నీళ్ళాడేదాకా మాత్రం ఇంకొకటి గుమ్మం లోపలికి రాకూడదు."

"పింగాణీకి మైలేంటి నీ మొహం" అన్నాను.

"అమ్మాయి మీద ఒట్టెయ్యండి."

"సరే, వేశాను."

"అలా గాల్లో కాదు" అంటూ వెళ్ళి అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ నిలబడింది. "నాన్నా, జుట్టు చెరపకు, ఇప్పుడే దువ్వుకున్నా" అంది. నేను తల మీద చెయ్యి పెట్టి, పెళ్ళిలో మంత్రం చదివినట్టు రాగం తీసి ఒట్టు వేశాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఒట్లు నమ్మే రకాన్ని కాను నేను. అందుకే అంత తేలిగ్గా వేశాను.

నెల తిరక్కుండానే పామర్రులో పాత స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశం వచ్చింది. భోజనం చేసి బస్టాండుకు నడుస్తుంటే పాత సామాను కొట్టొకటి కనిపించింది. తలుపు రెక్కల వెనక, చిల్లులు పడ్డ బిందెల మధ్య, పాత పేపర్లో చుట్టి ఉంది. విప్పగానే నాకు నోట్లో తడారిపోయింది. నీలం తీగలు అల్లిన పింగాణీ, చుట్టూ ఇత్తడి, పక్కన పిడి. గోటితో మీటితే ఖంగుమంది. బీట ఉన్న పింగాణీ అలా మోగదు, చప్పగా టక్కుమంటుంది. పిడి మాత్రం బిగుసుకుపోయి ఉంది. బిగుసుకున్నదాన్ని వదులు చేసుకోవచ్చు, పగిలినదాన్నే ఏమీ చెయ్యలేం అని మాలాంటి వాళ్ళకు ఒక లెక్క.

ఒట్టు గుర్తురాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. గుమ్మం లోపలికి రాకూడదంది గానీ, గుమ్మం బయట ఉంచకూడదని అనలేదుగా అని ప్లీడరులా వాదించుకున్నాను. అపార్టుమెంటు కింద నా స్కూటరు డిక్కీలో మూడు రోజులు దాచాను. నాలుగో రోజు ఎండకు డిక్కీ పెనంలా కాలుతుంటే పింగాణీ ఎక్కడ చిట్లుతుందోనని, మా ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి పైకి తెచ్చేశాను. పాత ప్రశ్నపత్రాల కట్టల వెనక పెట్టాను. వాటిని తాకే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

వన్‌టౌన్‌లో ఇత్తడి పనిచేసే సాయిబుగారొకరు ఉన్నారు. వాళ్ళ తాత కాలం నుంచి అదే సందు, అదే కొట్టు. నా బుడ్లన్నీ ఆయన చేతిమీదుగా బతికినవే. మర్నాడు సంచిలో పెట్టి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దాన్ని విడదీసి, మరనూ గిన్నెనూ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"సిరా ఎండి పట్టేసింది మాస్టారూ. రోజూ రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యండి. పది పదిహేను రోజులకి అదే వదులుద్ది. తొందరపడి చింతపండు మాత్రం పెట్టకండి."

"ఇత్తడి పాత రంగు పోతుందనేగా?"

"అది ఒకటి. ఇంకోటి, లోపల పెచ్చులు కట్టింది చూడండి. వెనకటి సిరా ఇప్పటిదిలా కాదండీ. బూజు పట్టకుండా ఏవేవో మందులు కలిపేవోళ్ళంట. కొన్ని విషమే. మా నాన్న ఇట్టాంటివి పట్టుకుంటే మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగితేగానీ అన్నం ముట్టేవాడు కాదు. పులుపు తగిలితే ఆ పెచ్చులూ కరుగుతాయి, ఇత్తడి చిలుమూ దిగుద్ది. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉందన్నారు. జాగ్రత్తండీ."

జాగ్రత్తగానే ఉన్నాను, నాలుగు రోజులు. నూనె చుక్కలు వేస్తూ, తిప్పి చూస్తూ. పిడి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాకు ఓపిక తక్కువ. తప్పు చేసిన లెక్కను పిల్లవాడు దిద్దుకునేదాకా ఆగకుండా సుద్దముక్క లాక్కునే మాస్టారిని నేను.

తొమ్మిదో రోజు ఆదివారం. అమ్మాయికి చేపల పులుసు మీద మనసు పోయింది. మా ఆవిడ సంచి పట్టుకుని మార్కెట్టుకు వెళుతూ, "పాత చింతపండు డబ్బాలో ఉంది. నిమ్మకాయంత తీసి నానెయ్యండి, నేనొచ్చేసరికి మెత్తబడుతుంది" అంది. నానేశాను. అమ్మాయి స్నానాల గదిలో ఉంది. స్టీలు గిన్నెలో గోధుమరంగుకు తిరుగుతున్న ఆ నీళ్ళు చూస్తుంటే నాకు పాడు ఆలోచన వచ్చింది. ఇత్తడి సామాను చింతపండుతో తోమని ఇల్లు మా వైపు ఉందా? అరగంట ఇందులో వేసి తీసి, ఈ నీళ్ళు పారబోసి, గిన్నె తోమి, వేరే చింతపండు నానేస్తే సరిపోతుంది. పైగా వంటింట్లో చింతపండు నానే గిన్నెను ఎవరు అనుమానిస్తారు? నా తెలివికి నేనే మురిసిపోయాను. పింగాణీ గిన్నె, పిడితో సహా మర, రెండూ అందులో ముంచి పైన పళ్ళెం మూశాను.

అరగంట అనుకున్నది ముప్పావుగంట అయింది. తీసి తిప్పితే పిడి కదిలింది. కొంచెమే, అయినా కదిలింది. అప్పుడే లిఫ్టు మా అంతస్తులో ఆగిన చప్పుడైంది. రెండిటినీ తువ్వాల్లో చుట్టుకుని నా గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకున్నాను. నీళ్ళు పారబొయ్యాలన్న మాట నా బుర్రలోంచి అలికేసినట్టు పోయింది.

లోపల నేను నూనె వేసి తిప్పుతూ ఉన్నాను. బయట పోపు చిటపటలు వినిపించాయి. కాసేపటికి పులుసు ఉడికే వాసన తలుపు సందుల్లోంచి వచ్చింది. ఆకలేసింది కూడా. అంత దగ్గరగా వచ్చిన వాసన నాకేమీ గుర్తుచెయ్యలేదు. ఉన్నట్టుండి పిడి చేతిలో మెత్తగా తిరిగింది. కుడికి తిప్పితే మర దిగింది, ఎడమకు తిప్పితే పైకొచ్చింది. ఎవరికైనా చూపించాలని ఒళ్ళంతా తహతహలాడింది. చూపించడానికి ఎవరూ లేరు. దాన్ని కట్టల వెనక పెట్టి, చేతులు కడుక్కుందామని బయటికి వచ్చాను.

వంటింటి గట్టు మీద ఆ స్టీలు గిన్నె తోమి బోర్లించి ఉంది.

అమ్మాయి భోజనాల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటోంది. కడుపుతో ఉన్న పిల్ల ఆకలికి ఆగలేదని ముందు దానికి వడ్డించి, మా ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. పాత చింతపండు ఎలాగూ నల్లగానే ఉంటుంది కనుక ఆవిడకు తేడా తెలియలేదు. పళ్ళెంలో సగం అన్నం అయిపోయింది. నేను హాలు గుమ్మంలో ఆగిపోయాను. అమ్మాయి తలెత్తి నన్ను చూసింది.

"రా నాన్నా. పులుసు అదిరింది. చింతపండు నానేసింది నువ్వేనంటగా" అని ఇంకో రెండు గరిటెలు వేసుకుంది.

ఇక్కడ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను. "తినకు" అన్న ఒక్క మాట చాలు. అది అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే బాల్కనీలో ఉన్న మనిషి వింటుంది. నెత్తిన చెయ్యి పెట్టి నెల కూడా కాలేదు. ఆ సిగ్గు నా నోటికి అడ్డం పడింది. "తినమ్మా, చేతులు కడుక్కుని వస్తా" అన్నాను.

అవును, తినమ్మా అనే అన్నాను.

సింకు దగ్గర నిలబడి లెక్కలు వేశాను. ముప్పావుగంటలో ఎంత కరుగుతుంది, మరిగితే ఎంత పోతుంది, ఇంత పులుసులో దాని వంతు ఎంత. ఏమీ కాదు, ఏమీ కాదు అని లెక్క తేల్చాను. సబ్బు రాసుకుని చేతులు కడిగాను. మళ్ళీ రాసుకుని కడిగాను. మూడోసారి సబ్బు తీసుకుంటుంటే సాయిబుగారి నాన్న గుర్తొచ్చాడు. విషం అంటకుండా నా చేతులు నేను కడుక్కుంటున్నాను, అక్కడ నా బిడ్డ తింటోంది. సబ్బు సింకులో పడేశాను. బల్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి పళ్ళెం ఊడ్చి వేళ్ళు నాకుతోంది.

అప్పుడు చెప్పాను, ఆ 'తినమ్మా' ఒక్కటి తప్ప. మా ఆవిడ తడిబట్ట చేత్తో పట్టుకుని వచ్చి మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ మిగిలిన పులుసు టిఫిను డబ్బాలో పోసి మూత బిగించింది. "ఆ వస్తువు కూడా తీసుకురండి, డాక్టరమ్మ చూస్తుంది. ఆటోని పిలవండి" అంది. ఆటోకు బదులు సాయిబుగారికి కలిపాను.

"అందులో ఏం విషం ఉంటుంది సాయిబుగారూ? మీకు తెలుసా?"

"ఎవరికి తెలుసండీ, ఎవరు వాడిన సిరానో, ఎన్నాళ్ళదో. అమ్మాయి తిన్నదా?" నా జవాబుకు ఆగకుండా, "నాతో ఫోన్లో ఏంటి మాస్టారూ, ముందు బయల్దేరండి" అని ఆయనే పెట్టేశారు.

ఆటోలో అమ్మాయికి వాంతయింది. విషం బయటికి పోతోందని సంతోషించాలో, పని మొదలెట్టిందని ఏడవాలో తెలియలేదు. బెంజి సర్కిల్ దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. అమ్మాయి వాళ్ళమ్మ భుజం మీద తల వాల్చి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. "కదులుతోందా?" అని మా ఆవిడ అడిగింది. "తెలీట్లేదమ్మా" అంది. ముందు సీట్లో నా ఒళ్ళో ఆ సిరాబుడ్డి ఉంది. ఆటో కుదుపులకు పింగాణీ ఎక్కడ పగులుతుందోనని నా చేతులు వాటంతట అవే దాన్ని పదిలంగా పట్టుకుంటున్నాయి. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసే ఉంటుంది. సిరాబుడ్డిని గ్లౌజులు వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పిడి చక్కగా తిరిగింది. "దీంట్లో ఏముందో చూసి చెప్పలేమండీ. రక్తం పంపిస్తాం. ముందు బిడ్డ గుండె వినాలి" అంది. అమ్మాయి పొట్ట మీద యంత్రం పెట్టి జరుపుతూ పోయింది. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకు జరిపింది. ఏమీ లేదు. నమ్మని ఒట్టును నేను అప్పుడు నమ్మాను. నా ప్రాణం తీసుకోమని ఎవరిని అడిగానో కూడా తెలియదు, అడిగాను. అప్పుడు గబగబా గుండె చప్పుడు మొదలైంది. మా ఆవిడ నేలమీద కూలబడి ఏడ్చింది.

డాక్టరమ్మ కాగితం తీసుకుని రాసుకుంటూ అడిగింది. "ఎంత తిన్నారు? మీకు తెలిసిన వెంటనే ఆపించారా?"

"చూడగానే చెప్పానండీ" అన్నాను.

మంచం మీద నుంచి అమ్మాయి నా వైపు చూసింది. డాక్టరమ్మ అదే రాసుకుంది.

రెండు రోజులు ఉంచుకుని పంపించారు. రక్తంలో భయపడేంత ఏమీ కనిపించలేదన్నారు. కానీ బిడ్డ మీద ఏమైనా ఉంటే పుట్టాకే తెలుస్తుందని, రోజూ కదలికలు గమనించుకోమని, వారం వారం రమ్మని చెప్పారు. బయటికి వస్తుంటే వరండాలో మా ఆవిడ నాతో ఒకే మాట అంది. "దాని నెత్తిన చెయ్యి పెట్టింది మీరేనండీ." ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

అక్కడినుంచి కాన్పుదాకా నేను బతికిన బతుకు బతుకు కాదు. పొద్దున్నే పాలగ్లాసు ఇస్తూ "కదిలిందామ్మా?" అని అడిగేవాణ్ణి. పేపరు చదువుతూ అడిగేవాణ్ణి. అది కుర్చీలోంచి లేస్తే నా గుండె ఆగేది, కూర్చుంటే ఆగేది. "కదిలింది నాన్నా" అనేది. మర్యాదగా అనేది. ఇదివరకైతే "నీ మనవడో మనవరాలో అప్పుడే లెక్కలు చేస్తోంది, కాళ్ళతో" అని ఏదో ఒకటి అంటించేది. ఆ పరాచికాలు ఆగిపోయాయి. తింటుంటే చూసి కూడా నేను 'తినమ్మా' అన్న సంగతి వాళ్ళమ్మకు చెబుతుందని రోజూ ఎదురుచూశాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడిగే ధైర్యం నాకు లేదు.

సిరాబుడ్డిని సాయిబుగారి కొట్లో ఇచ్చేశాను. "నేను మాత్రం ఏం చేసుకోను మాస్టారూ? ఇత్తడి కరిగించెయ్యమంటారా?" అని అడిగారు. కరిగించెయ్యండి అన్న మాట నోటిదాకా వచ్చింది. పింగాణీకి ఒక్క గీత కూడా లేదు. అనలేక వచ్చేశాను. అంత జరిగాక కూడా అనలేకపోయాను. మిగిలిన పదహారూ బీరువాలో ఉన్నాయి, తాళం మా ఆవిడ దగ్గర ఉంది.

తొమ్మిది నెలలూ నిండాక ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. పిల్లల డాక్టరు తలనుంచి కాళ్ళదాకా చూసి, వేళ్ళు లెక్కపెట్టి, బంగారంలా ఉందన్నాడు. మా ఆవిడ ఆస్పత్రి మొత్తానికీ స్వీట్లు పంచింది. చాలా వారాల తర్వాత నావైపు చూసి నవ్వింది. "ఇంకా అలా మూల నిలబడతారేంటి, మనవరాల్ని ఎత్తుకోరూ?" అంది.

అమ్మాయి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పాపను పొత్తిళ్ళతో సహా నావైపు చాచింది. వంగి రెండు చేతులూ పట్టాను. పాప బరువు నా చేతుల్లోకి వచ్చింది, వెచ్చగా ఉంది, నోరు చప్పరిస్తోంది. "ఎవరి పోలికమ్మా?" అని అడిగాను. "చూడు నాన్నా, నువ్వే చెప్పు" అంది, నవ్వుతూనే. పాపను నాకు ఇచ్చింది గానీ, కింద తన చెయ్యి మాత్రం తియ్యలేదు.